ఇంద్రధనుస్సు జెండా ఉన్న లూథరన్ చర్చి మన లూథరన్ చర్చేనా?

మీ ప్రశ్న ఇది: రేపల్లె వైపు ఏఈఎల్‌సీ (ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి) సంఘంలో పుట్టి పెరిగారు. మీవారి ఉద్యోగం వల్ల అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని మిన్నియాపొలిస్ దగ్గరికి వచ్చారు. ఇంటికి దగ్గర్లో ఒక లూథరన్ చర్చి ఉంది. బయట ‘అందరికీ స్వాగతం’ అని బోర్డు, పక్కనే ఇంద్రధనుస్సు జెండా (గే, లెస్బియన్ లాంటి వాళ్లకూ ఇక్కడ చోటుందని చెప్పే గుర్తు), పాస్టరుగా ఒక ఆవిడ. వీళ్లు నమ్మేది మనం నమ్మేదేనా, బాబుకు బాప్తిస్మం అక్కడ ఇప్పించవచ్చా అని అడిగారు. అత్తగారు ఫోన్లో ‘అలాంటి గుడికి వెళ్లొద్దు’ అన్నారని కూడా రాశారు.

వందనాలమ్మా. నాది రాజమండ్రి వైపు. ఈ రాష్ట్రంలో స్థిరపడి చాలా ఏళ్లైంది. ఇలాంటి సంఘంలోనే సభ్యుణ్ణి, కౌన్సిల్లో కూడా పనిచేశాను. అందుకని లోపలి సంగతులు కొంచెం తెలుసు. ముందు చిన్న జవాబు చెప్పేస్తాను: మీ అమ్మమ్మగారు ఆదివారం గుడిలో లేచి నిలబడి చెప్పిన విశ్వాస ప్రమాణమే వీళ్లూ చెబుతారు. బాప్తిస్మం ఇప్పించవచ్చు. జెండా విషయంలో మాత్రం మీ ఊరి సంఘానికీ వీళ్లకీ తేడా ఉంది, దాన్ని దాచిపెట్టి లాభం లేదు. అయితే ఆ జెండా వెనక ఉన్నది విశ్వాసం వదిలేసిన మనుషులు అనుకుంటే పొరపాటు.

మొదట ఏ లూథరన్ అన్నది తేలాలి. అమెరికాలో లూథరన్లు అందరూ ఒక్కటి కాదు. పెద్దది ఈఎల్‌సీఏ (ఇవాంజెలికల్ లూథరన్ చర్చి ఇన్ అమెరికా), ఆఫీసు షికాగోలో. రెండోది మిస్సోరి సినడ్ (సినడ్ అంటే సంఘాల కూటమి), 1847 నుంచి ఉంది. ఇంకా గట్టి పట్టుదల గలది విస్కాన్సిన్ సినడ్. మిస్సోరి, విస్కాన్సిన్ వాళ్లు స్త్రీలకు పాస్టరు అభిషేకం ఇవ్వరు. మామూలుగా తమ సినడ్ వాళ్లకు, లేదా తమతో ఒప్పందం ఉన్నవాళ్లకే బల్ల (ప్రభురాత్రి భోజనం) ఇస్తారు. మీరు చెప్పిన చర్చిలో పాస్టరు స్త్రీ, జెండా ఉంది అంటున్నారు కాబట్టి అది ఈఎల్‌సీఏ చర్చే అయి ఉంటుంది. బోర్డు కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఈసారి చూడండి. అలాగని ఈఎల్‌సీఏ చర్చిలన్నీ జెండా పెడతాయని కాదు. పల్లెటూళ్లలో చాలా వాటికి ఉండదు. ఇలా బాహాటంగా స్వాగతం ప్రకటించిన సంఘాలు ‘రికన్సైలింగ్ ఇన్ క్రైస్ట్’ అనే జాబితాలో చేరతాయి. 1974లో మొదలైన ఒక లూథరన్ సంస్థ దాన్ని నడుపుతోంది. అందులో చేరాలంటే సంఘం నెలల తరబడి బైబిలు స్టడీలు పెట్టుకుని, వాదించుకుని, ఓటు వేసుకోవాలి. కాబట్టి ఆ జెండా పాస్టరుగారి సొంత ఇష్టం కాదు.

ఇప్పుడు చుట్టరికం సంగతి. ఈఎల్‌సీఏ మనకు పరాయిది కాదు. పెన్సిల్వేనియా లూథరన్లు పంపిన మిషనరీ ఫాదర్ హయ్యర్ గారు 1842 జూలై 31న గుంటూరు చేరారన్నది మన సంఘాల్లో పిల్లలకు కూడా తెలుసు. ఆ పంపినవాళ్ల సంస్థలే ఒకదానితో ఒకటి కలుస్తూ, 1918లో ఒకసారి, 1962లో ఒకసారి, చివరకు 1988లో ఈఎల్‌సీఏ అయ్యాయి. మన ఏఈఎల్‌సీ 1927లో ఏర్పడింది. గుంటూరు ఏసీ కాలేజీ, కుగ్లర్ ఆసుపత్రి అన్నీ ఈ వంశంవే. మీరున్న చోటికి ఇంకా దగ్గరి సంగతి ఒకటుంది: హయ్యర్ గారు గుంటూరు నుంచి తిరిగి వచ్చాక మిన్నెసోటాలో పనిచేశారు. 1860లో ఇక్కడ మిన్నెసోటా సినడ్ పెట్టినప్పుడు మొదటి అధ్యక్షుడు ఆయనే. ఆ తర్వాత డెబ్బై ఆరేళ్ల వయసులో, 1869లో, రాజమండ్రి మిషన్ చేజారిపోతోందని విని మళ్లీ ఓడ ఎక్కారు. (ఆయన పెట్టిన ఆ సినడ్ తర్వాత విస్కాన్సిన్ వాళ్ల వైపు వెళ్లిపోయింది, అది వేరే కథ.) అత్తగారికి ఈ ముక్క చెప్పండి. హయ్యర్ గారి పేరు వింటే కొంచెం మెత్తబడతారు.

ఇక అసలు ప్రశ్న, వీళ్లు ఏం నమ్ముతారు? వెబ్‌సైట్లో ‘మా విలువలు’ అని రాసుకున్నది చదివి తేల్చుకోకండి. అవి అందరూ ఒకేలా రాస్తారు: ప్రేమ, న్యాయం, వైవిధ్యం. ఏ స్వచ్ఛంద సంస్థ పేరైనా పైన పెట్టొచ్చు. చర్చి ఆఫీసుకు వెళ్లి సంఘ రాజ్యాంగం కాపీ అడగండి, ఇస్తారు. అందులో రెండో అధ్యాయం చదవండి. ఈఎల్‌సీఏలో ప్రతి సంఘమూ ఆ అధ్యాయాన్ని ఉన్నది ఉన్నట్టుగా పెట్టుకోవలసిందే, మార్చుకునే హక్కు లేదు. త్రియేక దేవుడు, యేసుక్రీస్తు ప్రభువు, రక్షకుడు. బైబిలు దేవుని ప్రేరణతో వచ్చిన వాక్యం, విశ్వాసానికీ నడవడికకూ అదే ప్రమాణం. అపొస్తలుల, నైసియా, అథనేసియన్ విశ్వాస ప్రమాణాలు మూడూ. 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ఒప్పుకోలు, అంటే లూథరన్ల మూల విశ్వాస ప్రకటన. మార్టిన్ లూథరుగారి చిన్న ప్రశ్నోత్తరి (ప్రశ్నలూ జవాబులుగా రాసిన బోధ పుస్తకం) లాంటి మిగతా ఒప్పుకోలు పత్రాలు. మీకు కన్ఫర్మేషన్ (పెద్దయ్యాక విశ్వాసాన్ని స్వయంగా ఒప్పుకోవటం) క్లాసులో చెప్పినది ఇదేగా? జెండా పెట్టిన సంఘంలోనూ ఇదే, పెట్టని సంఘంలోనూ ఇదే.

మరి ఒకే ఒప్పుకోలు మీద నిలబడి ‘అందరికీ స్వాగతం’ దాకా ఎలా వచ్చారు? మన వాళ్లలో చాలామంది దీన్ని అమెరికా గాలి అనుకుంటారు. గాలి కొంత ఉందిలెండి, కాదనను. కానీ ఆ సంఘాల్లో పెద్దవాళ్లతో కూర్చుని మాట్లాడితే వాళ్లు మొదలుపెట్టేది కృప దగ్గర. ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు నాలుగో ఆర్టికల్: మనిషి తన క్రియల వల్ల, తన యోగ్యత వల్ల దేవుని ఎదుట నీతిమంతుడు కాలేడు, క్రీస్తును బట్టి ఉచితంగా, విశ్వాసం ద్వారా నీతిమంతుడుగా తీర్చబడతాడు. “మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు, ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే” అని ఎఫెసీ పత్రికలో మనం కంఠస్తం చేసిన వచనం. నేను లోపలికి వచ్చిందే నా అర్హత మీద కాదు అన్నప్పుడు, గుమ్మం దగ్గర నిలబడి ఇంకొకరి అర్హత పరీక్షించే ఉద్యోగం నాకు ఎవరిచ్చారు? వాళ్ల వాదన మొత్తం ఇదే.

దీనికి తోడు లూథరన్లకు ఇంకో నమ్మకం ఉంది, విశ్వాసి ఏకకాలంలో నీతిమంతుడూ పాపీ. బాప్తిస్మం తీసుకున్న నాటి నుంచి చచ్చే దాకా రెండూ. అందుకే ఆరాధన పాప ఒప్పుకోలుతో మొదలవుతుంది, పాస్టరుగారితో సహా అందరూ చెబుతారు. గుడిలో పరిశుద్ధుల బెంచీ ఒకటి, పాపుల బెంచీ ఒకటి అంటూ ఉండదు. మన దగ్గర కొత్తగా వచ్చిన స్వతంత్ర సంఘాల్లో ‘రక్షణ పొందినవాళ్లు’, ‘పొందనివాళ్లు’ అని మనుషుల్ని విడదీసి మాట్లాడటం అలవాటైపోయింది. ఆ మాట ఇక్కడ మీకు వినపడదు. మొదట్లో కొంచెం వెలితిగా కూడా ఉంటుంది, సాక్ష్యాలు చెప్పించరు, చేతులెత్తించరు.

ఇవన్నీ కంటికి కనపడేది బల్ల దగ్గర. చాలా ఈఎల్‌సీఏ చర్చిల్లో ప్రతి ఆదివారం బల్లారాధనే, మన దగ్గరిలా నెలకొకసారి కాదు. పాస్టరుగారు పిలిచినప్పుడు వరుసగా ముందుకు వెళ్తారు. చేతిలో చెయ్యి దోసిలిగా పెడితే రొట్టె ముక్క పెట్టి ‘నీ కొరకు ఇయ్యబడిన క్రీస్తు శరీరము’ అంటారు. ఆ పక్కన గిన్నె పట్టుకునేది సంఘంలో ఎవరైనా కావచ్చు: రిటైరైన స్కూలు టీచరు, హైస్కూలు పిల్లాడు, చక్రాల కుర్చీలో ఉన్న ఆవిడ. ట్రేలో ఒక రంగు ద్రాక్షారసం, ఇంకో రంగు వైను ఉంటాయి. మద్యం మానేసినవాళ్లు ఉంటారని రెండూ పెడతారు. గోధుమ పడనివాళ్లకు వేరే రొట్టె ఉంటుంది. మెట్లు ఎక్కలేని ముసలివాళ్ల దగ్గరికి బెంచీ దాకా తీసుకెళ్లి ఇస్తారు. చిన్న ప్రశ్నోత్తరిలో లూథరుగారు, ఈ భోజనానికి పాత్రుడెవడు అన్న ప్రశ్నకు ఉపవాసమూ శరీర సిద్ధపాటూ మంచివేగానీ, ‘మీ కొరకు’ అన్న ప్రభువు మాటను నమ్మేవాడే పాత్రుడు అని జవాబు రాశారు. వీళ్ల బల్ల దానిమీదే నడుస్తుంది. రొట్టెలోను ద్రాక్షారసంలోను ప్రభువు నిజంగా ఉన్నాడని నమ్ముతారు, కేవలం జ్ఞాపకార్థం అనుకోరు. బాప్తిస్మం పొందినవాళ్లు ఏ సంఘం వాళ్లైనా తీసుకోవచ్చు. కొన్ని చోట్ల బాప్తిస్మం సంగతి కూడా అడగరు. నాకు అది అంతగా నచ్చదు, కానీ బల్ల దగ్గర ఆధార్ కార్డు అడిగే పద్ధతి కన్నా మేలు అని ఊరుకుంటాను. పిల్లలకు కూడా చాలా చోట్ల కన్ఫర్మేషన్‌కు ముందే ఇస్తారు. మీ ఇష్టం లేకపోతే బాబు తల మీద చెయ్యిపెట్టి ఆశీర్వదిస్తారు, ఏమీ అనుకోరు.

పాస్టరుగా ఆవిడ ఉండటం గురించి మీరు పెద్దగా రాయలేదు గానీ, అత్తగారి బాధలో సగం అదే అయి ఉంటుంది. ఈ శాఖలో స్త్రీలకు అభిషేకం ఇవ్వటం 1970లో మొదలైంది. ఎలిజబెత్ ప్లాట్జ్ అనే ఆవిడ ఆ ఏడాది నవంబరు 22న మొట్టమొదట అభిషేకం పొందారు. 2013లో ఎలిజబెత్ ఈటన్ గారు మొత్తం ఈఎల్‌సీఏకు ప్రధాన బిషప్ అయ్యారు. నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది ఈ ఎలిజబెత్‌లు కాదు, అన్నా కుగ్లర్ గారు. 1883లో గుంటూరు వచ్చిన డాక్టరమ్మ. ఆమెను పంపినది, ఆసుపత్రికి డబ్బు కూడబెట్టినది ఇక్కడి చర్చిల్లోని స్త్రీల సమాజాలు. ఆసుపత్రి 1898లో తెరిచారు. అంటే మన అమ్మమ్మల కాన్పులకు డబ్బు పంపిన స్త్రీలు, తమ గుడిలో పాస్టరుగా నిలబడటానికి ఇంకో డెబ్బై ఏళ్లు ఆగాల్సి వచ్చింది. ‘పురుషుడని స్త్రీ అని లేదు’ అన్న గలతీ వచనం ఆ డెబ్బై ఏళ్లూ బైబిల్లోనే ఉంది.

ఇక జెండా. 2009 ఆగస్టులో ఈఎల్‌సీఏ మహాసభ మీ మిన్నియాపొలిస్‌లోనే జరిగింది. లైంగికత గురించి ఒక పెద్ద ప్రకటన ఓటుకు పెట్టారు. ఆమోదానికి మూడింట రెండు వంతుల మంది కావాలి. 676 మంది అవును, 338 మంది కాదు అన్నారు. లెక్క వేసుకోండి, ఒక్క ఓటు తక్కువైనా ఓడిపోయేది. అదే రోజు ఊళ్లో చిన్న సుడిగాలి వచ్చి, సభ ఆరాధనలు జరుగుతున్న సెంట్రల్ లూథరన్ చర్చి శిఖరాన్ని విరగ్గొట్టింది. దేవుడు హెచ్చరించాడన్నారు కొందరు, గాలివాన అన్నారు ఇంకొందరు. ఆ వారంలోనే ఇంకో ఓటు: ఒకే లింగం వారితో జీవితాంతం నిబద్ధతతో, నలుగురికీ తెలిసేలా కాపురం చేసేవాళ్లు పాస్టర్లు కావచ్చని, 559 మంది అవును, 451 మంది కాదు. దానితో చాలా సంఘాలు విడిపోయాయి. 2010లో నార్త్ అమెరికన్ లూథరన్ చర్చి అని కొత్తది పుట్టింది. ఇథియోపియాలోని పెద్ద లూథరన్ సంఘం 2013లో ఈఎల్‌సీఏతో సంబంధం తెంచుకుంది. అంటే ఇది అందరూ చప్పట్లు కొట్టిన విషయం కాదు.

అయితే ఆ ప్రకటన చదివినవాళ్లు తక్కువ, దాని గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువ. ఈ విషయంలో నమ్మకమైన లూథరన్ల మధ్య నాలుగు రకాల అభిప్రాయాలు ఉన్నాయని అందులోనే రాశారు. ఇది పాపం, పశ్చాత్తాపానికి పిలవాలి అన్న వాళ్ల దగ్గర నుంచి, ఇది వివాహంతో సమానం అన్న వాళ్ల దాకా. నాలుగింటికీ సంఘంలో చోటుంది, ఒకరి మనస్సాక్షిని ఇంకొకరు గౌరవించాలి అన్నారు. ఏ సంఘమూ తనకు ఇష్టం లేని పాస్టరును తీసుకోనక్కర్లేదు. కాబట్టి మీరు ఆ చర్చిలో సభ్యులు కావాలంటే జెండాకు సెల్యూట్ చెయ్యాలని ఎవరూ అడగరు. నేను కౌన్సిల్లో ఉన్నప్పుడు మా పక్క కుర్చీలో కూర్చున్న పెద్దాయన ఆ ఓటుకు వ్యతిరేకి, సంఘం జెండా పెట్టినప్పుడూ వ్యతిరేకి. కానీ గే దంపతులిద్దరు కొత్తగా చేరినప్పుడు వాళ్లకు గుడి తాళాలు ఎక్కడుంటాయో, బాయిలర్ ఎలా వెయ్యాలో చూపించింది ఆయనే. అభిప్రాయం మారిందా అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఒక షరతు మాత్రం ఉంది. మీరు ఏమనుకున్నా, ఆ బెంచీలో మీ పక్కన కూర్చున్న మనిషిని తక్కువచేసి మాట్లాడటం కుదరదు. పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యం అన్న ఆజ్ఞ (మన లెక్కలో ఎనిమిదోది) కింద లూథరుగారు రాసిన వివరణ గుర్తుందా? పొరుగువాని గురించి మంచి మాట్లాడాలి, అతను చేసిన ప్రతిదాన్నీ వీలైనంత మంచి అర్థంలో తీసుకోవాలి అని. దాన్ని వీళ్లు బాగా పట్టుకున్నారు. కౌన్సిల్ మీటింగ్‌లో ఎవరైనా లేనివాళ్ల గురించి మొదలుపెడితే, ఎవరో ఒకరు ఎనిమిదో ఆజ్ఞ అని గొంతు సవరిస్తారు. మన సంఘాల్లో ఇది ఉంటే ఎన్ని కొట్లాటలు తప్పేవో!

అమ్మా, ఇంకో మాట అంటాను, కోపగించుకోకండి. ‘అందరికీ స్వాగతం’ అన్నది అమెరికా వాళ్లు మనకు కొత్తగా నేర్పేదేమీ కాదు. మన తాతముత్తాతలు దాని బాధా, విలువా రెండూ చూశారు. ఊరి బావి దగ్గరికి రానివ్వని రోజుల్లో, ఒకే గిన్నెలోంచి ద్రాక్షారసం తాగటం అంటే ఊరంతా మాట్లాడుకునే విషయం. తమిళ దేశపు లూథరన్ సంఘాల్లో కులాల వారీగా కూర్చోబెట్టి, కొన్ని చోట్ల వేరే గిన్నెలు కూడా పెట్టిన చరిత్ర ఉంది. దానిమీద మిషనరీలు ఒకరితో ఒకరు దశాబ్దాలు పోట్లాడుకున్నారు. మన వైపు సంఘాలకు ప్రాణం పోసినది మాల, మాదిగ పల్లెలు. అయినా మాలపల్లెకో గుడి, మాదిగపల్లెకో గుడి అన్నట్టు ఎన్ని ఊళ్లలో లేదు? పెళ్లి సంబంధాల దగ్గర, ఎన్నికల దగ్గర మనం ఏం లెక్కలు వేస్తామో మీకూ తెలుసు, అత్తగారికీ తెలుసు. ఇక్కడి వాళ్ల జెండాను చూసి నొచ్చుకునే ముందు మన గుమ్మం ఎవరికి ఎంత తెరుచుకుందో చూసుకుంటే, చర్చ కొంచెం నేల మీద నడుస్తుంది. నేను అత్తగారితో వాదించమని చెప్పడం లేదు. మీ మనసులో పెట్టుకోవడానికి చెబుతున్నాను.

వాళ్ల స్వాగతానికీ లోపాలు లేకపోలేదు. ఈఎల్‌సీఏ ఈ దేశంలో తెల్లవాళ్లు అత్యధిక శాతం ఉన్న డినామినేషన్లలో ఒకటి. మీరు వెళ్లిన రోజు గుడి మొత్తంలో నల్ల జుట్టు మీ కుటుంబానిదే కావచ్చు. ఈ సంగతి వాళ్లకూ తెలుసు, 2019లో నల్లజాతి వారికి బహిరంగంగా క్షమాపణ చెప్పారు, 2025లో యెహియెల్ కర్రీ గారిని ప్రధాన బిషప్‌గా ఎన్నుకున్నారు. ఆ పదవిలోకి వచ్చిన మొదటి నల్లజాతి వ్యక్తి ఆయన. అయినా పైన మారినంత త్వరగా కింద మారదు. మిన్నెసోటా వాళ్ల మర్యాద కూడా ఒక రకమైన గోడే. గుమ్మం దగ్గర నవ్వుతూ చెయ్యి కలుపుతారు, మీ పేరు పలకటానికి కష్టపడతారు, కాఫీ ఇస్తారు, అంతే. ఏడాది దాటినా ఎవరూ ఇంటికి భోజనానికి పిలవకపోవచ్చు. మన పల్లెలో కొత్త కోడలు గుడికి వస్తే, ఆరాధన అయ్యేలోపే ఆమె పుట్టింటి వివరాలన్నీ బయటికి వచ్చేస్తాయి, మధ్యాహ్నానికి ఎవరింట్లో అన్నం అన్నది కూడా తేలిపోతుంది. ఆ వెచ్చదనం ఇక్కడ దొరకదు. దీన్ని మిమ్మల్ని దూరం పెట్టడం అనుకోకండి, వాళ్లు ఒకరితో ఒకరు కూడా అలాగే ఉంటారు.

అందుకే నా సలహా: ఆరాధన అయ్యాక నేరుగా కారెక్కకండి. నేలమాళిగలోకి దిగండి. ఈ చర్చిల అసలు జీవితం అక్కడ ఉంటుంది. ఏదో ఒక వారం మధ్యలో పగటిపూట వెళితే, పొడవాటి బల్లల చుట్టూ ముసలమ్మలు పాత చీర ముక్కల్లాంటి రంగురంగుల గుడ్డలు కలిపి దుప్పట్లు కుడుతూ కనిపిస్తారు. మూడు పొరలు పరిచి, మధ్య మధ్యలో దారంతో ముడులు వేస్తారు. అవి లూథరన్ వరల్డ్ రిలీఫ్ ద్వారా ఎక్కడెక్కడి శరణార్థి శిబిరాలకో వెళ్తాయి. మన అమ్మమ్మలు బొంతలు కుట్టినట్టే. మీకు సూది పట్టటం వస్తే అక్కడ కుర్చీ లాగి ఇస్తారు, ఇంగ్లీషు అంతంతమాత్రమైనా పరవాలేదు. నాకు తెలిసిన తెలుగువాళ్లలో ఈ చర్చిల్లో నిలబడినవాళ్లు ఎక్కువమంది ఇలాంటి పని చేతిలోకి తీసుకున్నవాళ్లే. పాటల్లో కలవలేకపోయినా పనిలో కలిసిపోయారు.

ఈ పనుల వెనకా నమ్మకం ఉంది. 1520లో లూథరుగారు రాసిన మాట: క్రైస్తవుడు ఎవరికీ లోబడని స్వతంత్రుడు, అందరికీ లోబడిన సేవకుడు. రక్షణ కోసం చెయ్యవలసినది ఏమీ మిగల్లేదు కాబట్టి, ఆ చేతులు ఖాళీ అయ్యాయి. ఖాళీ అయిన చేతులు పొరుగువాడికి. ఈఎల్‌సీఏ నినాదం కూడా ‘దేవుని పని, మన చేతులు’ అనే. శరణార్థులకు ఇళ్లు వెతికిపెట్టే లూథరన్ సంస్థ 1939 నుంచి ఉంది. ఈ రాష్ట్రంలో మీకు కనిపించే వియత్నాం, హ్మాంగ్ (లావోస్ వైపు కొండజాతి), సోమాలీ కుటుంబాల్లో ఎంతోమంది రాకలో లూథరన్ సంఘాల చెయ్యి ఉంది. సహాయం తీసుకున్నవాళ్లను బాప్తిస్మం తీసుకోమని అడగరు. మన వైపు కొందరికి ఇది సువార్త మీద ఆసక్తి లేకపోవడంలా కనిపిస్తుంది. నా దృష్టిలో సగం నిజం. మంచి పని చేస్తారు గానీ, ఎందుకు చేస్తున్నారో నోరు తెరిచి చెప్పటానికి మొహమాటపడతారు. ప్రసంగం పన్నెండు పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. మీకు మన సభల ప్రసంగాలు అలవాటైతే, మొదలైందనుకునేలోపు ఆమెన్ అంటారు.

లూథరుగారి పేరు పెట్టుకున్నా ఆయన అన్నదల్లా వేదం అనుకోరు, ఇదీ తెలుసుకోండి. ఆయన చివరి రోజుల్లో యూదుల మీద రాసిన విషపు రాతలను 1994లో ఈఎల్‌సీఏ బహిరంగంగా తోసిపుచ్చి, యూదు సమాజానికి పశ్చాత్తాపం తెలిపింది. 1999లో కతోలికులతోనూ, ప్రపంచ లూథరన్ సమాఖ్య ద్వారా, నీతిమంతుడుగా తీర్చబడటం గురించి ఉమ్మడి ప్రకటన వచ్చింది. మన ఏఈఎల్‌సీ కూడా ఆ సమాఖ్య సభ్యురాలే.

డబ్బు, పాలన విషయంలో తేడా మీకు మొదటి జనవరిలోనే తెలుస్తుంది. వార్షిక సమావేశం పెడతారు. పాస్టరుగారి జీతంతో సహా ప్రతి పైసా లెక్క కాగితం మీద అచ్చువేసి అందరి చేతిలో పెడతారు. పాస్టరును పైనుంచి బదిలీ మీద పంపరు. సంఘమే కమిటీ వేసుకుని, బిషప్ సలహా తీసుకుని, రహస్య ఓటుతో పిలుచుకుంటుంది. విశ్వాసులందరూ యాజకులే అన్న సిద్ధాంతాన్ని వీళ్లు ఇక్కడ ఆచరణలో పెడతారు. మన చందా కవర్లు లాంటివే ఇక్కడా ఉంటాయి, ఎంతిస్తారో ఏడాదికొకసారి కార్డు మీద రాసిస్తారు. మొదటిసారి వెళ్లినప్పుడు కానుక పళ్లెం మీ ముందు నుంచి ఊరికే వెళ్లిపోయినా ఎవరూ చూడరు.

ఆరాధన క్రమం మీకు కొత్తగా ఉండదు. పుస్తకం ముదురు ఎరుపు రంగులో ఉంటుంది, 2006లో వచ్చినది. ఒప్పుకోలు, క్షమాపణ, ప్రభువా కరుణించుము, మూడు పాఠాలు, ప్రసంగం, విశ్వాస ప్రమాణం, ప్రార్థనలు, సమాధానం చెప్పుకోవటం, కానుక, బల్ల, దీవెన. భాష తీసేస్తే ఎముకల గూడు మనదే. చెప్పులు బయట విడవరు, ముసుగు వేసుకోరు, డోలక్ బదులు ఆర్గన్ ఉంటుంది. ఇవి ఒకేలా ఉండనక్కర్లేదని ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు ఏడో ఆర్టికలే చెప్పింది: సువార్త సరిగా బోధించడం, సంస్కారాలు (బాప్తిస్మం, బల్ల) సరిగా ఇవ్వడం, సంఘ ఐక్యతకు ఇవి చాలు. మీరు చీర కట్టుకుని కొంగు తల మీద కప్పుకుని వెళ్లాలనుకుంటే అలాగే వెళ్లండి.

బాబు బాప్తిస్మం గురించి. వీళ్లు పసిబిడ్డలకు ఇస్తారు, తండ్రి కుమార పరిశుద్ధాత్మల నామంలో నీళ్లతో ఇస్తారు. ఇది రేపల్లెలోనూ చెల్లుతుంది. తిరిగి ఇండియా వెళ్లినా మన సంఘం మళ్లీ ఇవ్వదు. పెద్దయ్యాక ముంచుడు బాప్తిస్మం తీసుకోమని ఎవరైనా ఒత్తిడి చేస్తే, ఒకసారి దేవుడు ఇచ్చిన మాటను రెండోసారి అడగక్కర్లేదని చెప్పండి. ముందు పాస్టరమ్మగారితో ఫోన్లో మాట్లాడితే ఆవిడ మీతో ఒకటి రెండు సార్లు కూర్చుంటారు. మనసులో ఉన్న ప్రశ్నలన్నీ, జెండా గురించి కూడా, అప్పుడే అడగండి. ఆవిడ నొచ్చుకోరు, ఈ ప్రశ్న వాళ్లకు కొత్త కాదు. బాప్తిస్మ సాక్షులుగా మీ అన్నయ్యా వదినా ఇండియాలో ఉండిపోతే, వాళ్ల పేర్లు రాయించి, ఇక్కడి సంఘం నుంచి ఒకరిని తోడు పెట్టమని అడగొచ్చు. ఆ రోజు సంఘం మొత్తం లేచి నిలబడి ఈ బిడ్డ కోసం ప్రార్థిస్తాం, ఆదుకుంటాం అని మాట ఇస్తుంది. బాబు నుదుటి మీద నూనెతో సిలువ గుర్తు వేస్తారు, పెద్ద కొవ్వొత్తి నుంచి చిన్న కొవ్వొత్తి వెలిగించి మీ చేతికిస్తారు. అత్తగారు వీడియోలో చూడాలంటే ఆదివారం ఉదయం ఆరాధన మనకు రాత్రి వేళ అవుతుంది, ముందే చెప్పి ఉంచండి. చాలా చర్చిలు ప్రత్యక్ష ప్రసారం చేస్తాయి.

మీ ఊరి అయ్యగారి దగ్గర నుంచి సభ్యత్వ బదిలీ ఉత్తరం తెప్పించుకోండి, లేకపోయినా చేర్చుకుంటారు కానీ ఉంటే పని సులువు. బాప్తిస్మ సర్టిఫికెట్ మీద బాబు పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించండి. ఇంటిపేరు ముందా వెనకా అన్న గందరగోళం ఆఫీసులో కూర్చునే వాలంటీర్లకు అర్థం కాదు, కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వండి.